నీటి మొక్క ఒంటరిగా రాదు

ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ ఒక ప్రయోగం జ్ఞాపకం ఉండే ఉంటుంది. బీకరులో నీరు పోసి, అందులో హైడ్రిల్లా కొమ్మలు ఉంచి, వాటిమీద గాజు గరాటును బోర్లిస్తారు. గరాటు కాడమీద నీటితో నింపిన పరీక్షనాళికను తలక్రిందులుగా నిలుపుతారు. ఎండలో పెట్టిన కొంతసేపటికి కొమ్మలనుండి బుడగలు లేచి నాళికలో చేరుతాయి. ఆరిపోబోతున్న పుల్లను ఆ వాయువులో ఉంచితే భగ్గున మండుతుంది. ఈ ప్రయోగానికి కావలసిన హైడ్రిల్లాకోసం ఖానాపూర్ ప్రాంతపు ఉపాధ్యాయుడు ఎక్కడికీ వ్రాసి తెప్పించుకోనక్కరలేదు. దక్షిణాన గోదావరి ఉన్నది. సదర్‌మాట్ ఆనకట్ట ఉన్నది, దాని కాలువ ఉన్నది. తూర్పుగా పోతే కడెం జలాశయం. ఊరూరా చెరువులు సరేసరి. మోకాలిలోతు నీటిలో చేయిపెడితే గుప్పెడు నాచు వస్తుంది. హైడ్రిల్లా, వాలిస్నేరియా, సెరటోఫిల్లం అని శాస్త్రజ్ఞులు వేరువేరుగా పిలిచే మొక్కలన్నీ మనవారికి నాచే.

ప్రయోగం ముగిసిన తరువాత మిగిలిన నాచును పారవేయడానికి మనసొప్పదు. ప్రయోగశాలలో చేపల తొట్టి ఉంటే అది తిన్నగా అందులోకి చేరుతుంది. నేనూ కొన్నేళ్ళ క్రిందట అట్లే చేశాను. కాలువనుండి తెచ్చిన నాచును కుళాయిక్రింద ఒకసారి ఆడించి, గప్పీ చేపలున్న గాజుతొట్టిలో వేశాను. అంతకు నాలుగు రోజుల ముందే ఒక తల్లిచేప పిల్లలను పెట్టింది. విద్యార్థులు లెక్కించి పదునాలుగు అని చీటీమీద వ్రాసి తొట్టికి అంటించారు. వారం తిరిగేసరికి అవి ఆరు అయ్యాయి. పదవనాటికి ఒక్కటే మిగిలింది. పెద్దచేపలే తిన్నవనుకున్నాము. గప్పీలకు ఆ అలవాటు ఉన్నమాట నిజమే. తుదకు ఒక విద్యార్థిని, నాచు మొదట్లో మట్టిరంగులో కదలకుండా కూర్చున్న ఒక పురుగును చూపింది. అది తూనీగ పిల్ల. దాని క్రింది పెదవి మడిచిన చేయివలె ముఖం క్రింద దాగి ఉంటుంది. ఎర దగ్గరకు రాగానే రెప్పపాటులో దానిని చాచి పట్టుకుంటుంది. నాచుతోపాటు దానిని తెచ్చి తొట్టిలో విడిచినవాడిని నేనే.

అప్పటినుండి మా తొట్టిలో వేయబోయే ప్రతి నీటి మొక్కనూ శుభ్రపరచి, కొన్ని వారాలు వేరుగా ఉంచిన పిమ్మటనే వేస్తున్నాము. ఈ జాగ్రత్త వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. అందులో మన చెరువుల నాచుకు కూడా పాత్ర ఉన్నది కనుక కొంత వివరంగా చెప్పదలచాను.

నీటి మొక్కలతోపాటు ఏమేమి వస్తాయో ఓపికగా చూచినవారిలో ముందుగా చెప్పదగినవాడు ఒక ఉపాధ్యాయుడే. ఆయన పేరు ఏబ్రహాం ట్రెంబ్లే. జెనీవాలో పుట్టి, హాలెండులో హేగ్ నగరం దగ్గర బెంటింక్ అనే ప్రభువు ఇంట ఇద్దరు పిల్లలకు చదువు చెప్పుతుండేవాడు. 1740 వేసవిలో ఆయన దగ్గరి గుంటలోని నీటి మొక్కలను తెచ్చి గాజు జాడీలలో ఉంచాడు. కొన్ని దినాలకు మొక్కల కాడలమీద పచ్చని సన్నని పోగులవంటివి కనిపించాయి. అవి చిన్న మొక్కలే కాబోలు అనుకున్నాడు. అయితే జాడీని కొంచెం కదిలించగానే అవి చటుక్కున ముడుచుకొని పోయాయి. జాడీని త్రిప్పి పెడితే మెల్లగా కదలి మరల వెలుతురు వచ్చే వైపునకే చేరాయి. మొక్కయా, జంతువా అనే సందేహం తీర్చుకొనడానికి ఆయన ఒక దానిని రెండుగా కోశాడు. మొక్క అయితే రెండు ముక్కలూ బ్రతకవలె. జంతువు అయితే చావవలె అని ఆయన ఊహ. రెండు ముక్కలూ బ్రతికాయి. తల లేని ముక్కకు తల, తోక లేని ముక్కకు తోక పెరిగాయి! అయినా అది కదిలి ఎరను పట్టి మ్రింగే జంతువే అని ఆయన నిర్ధారించాడు. 1744లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయాలన్నీ వివరించాడు. ఆ జంతువే మన పాఠ్యపుస్తకాలలోని హైడ్రా. జీవులపై ప్రయోగాలు చేసే విద్యకు పునాదులు వేసినవాటిలో ఈ పరిశీలన ఒకటి. ఈనాడు చేపలు పెంచేవారు ఇదే హైడ్రాను తొట్టిలో చూస్తే బెంబేలు పడతారు. దాని స్పర్శకాల మీది కుట్టుకణాలు అప్పుడే పుట్టిన చేపపిల్లలను చంపగలవు.

గాజుతొట్టిలో చేపలనూ మొక్కలనూ కలిపి చాలాకాలం పెంచవచ్చునని చూపినవాడు లండనులో ఔషధ రసాయనాలమీద పనిచేసిన రాబర్ట్ వారింగ్టన్. ఆయన ఒక పెద్ద గాజుపాత్రలో రెండు బంగారుచేపలనూ, వాలిస్నేరియా మొక్కనూ ఉంచాడు. చేపలు విడిచే బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకొనును, మొక్క విడిచే ఆమ్లజనిని చేపలు తీసుకొనును, కనుక నీరు మార్చనక్కరలేదని ఆయన లెక్క. లెక్క సరియైనదే గాని, కొన్నాళ్ళకు ముసలి ఆకులు కుళ్ళి నీరు మురిగింది. అప్పుడాయన చెరువులోని నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకులను తిన్నవి; వాటి గ్రుడ్లు చేపలకు ఆహారమైనవి. నీరు తేటపడింది. 1850లో ఆయన ఈ ఫలితాలను రసాయన శాస్త్రజ్ఞుల సంఘం ముందు ఉంచాడు. ఈనాడు మనం ఆకులనుండి గీకి పారవేసే నత్తయే తొలి గాజుతొట్టిని నిలబెట్టిందన్నమాట. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల గృహం తెరిచారు. ఫిలిప్ గాస్ 1854లో వ్రాసిన పుస్తకంతో ఆక్వేరియం అనే మాట, ఆక్వేరియం పెట్టుకొనే సరదా ఇంటింటికీ పాకాయి.

సరదా పెరిగితే మొక్కల రవాణా పెరుగుతుంది. అంతకు ముందే, 1829 ప్రాంతంలో, లండనులో నథానియేల్ వార్డ్ అనే వైద్యుడు మూతవేసిన గాజుసీసాలో నీరు పోయకుండానే మొక్క బ్రతుకుతుందని గమనించాడు. ఆ సూత్రంమీద చేసిన గాజుపెట్టెలలో పెట్టి మొక్కలను ఒక ఖండంనుండి మరొక ఖండానికి ఓడలలో సజీవంగా పంపడం సాధ్యమయింది. తేయాకు, సింకోనా మొక్కలు అట్లే ప్రయాణం చేశాయి. మొక్క సజీవంగా చేరినప్పుడు దానిమీది పురుగు కూడా సజీవంగానే చేరుతుంది. 1860 తరువాత ఫ్రాన్సు ద్రాక్షతోటలు వేళ్ళు కుళ్ళి ఎండిపోసాగాయి. అమెరికానుండి తెచ్చిన ద్రాక్ష మొక్కల వేళ్ళమీద వచ్చిన ఫిల్లాక్సెరా అనే అతి చిన్న పురుగు దానికి కారణం. ఆ దెబ్బతో ఐరోపా దేశాలు కొన్ని 1878లో బెర్న్ నగరంలో ఒక ఒడంబడిక చేసుకొన్నాయి. మొక్కల రాకపోకలను అదుపుచేయడానికి దేశాలు కలిసి చేసుకొన్న తొలి ఒప్పందాలలో ఇది ముఖ్యమైనది.

క్వారంటైను అనే మాట మాత్రం మొక్కలకోసం పుట్టినది కాదు. ప్లేగు భయంతో 1377లో రగూసా రేవుపట్టణం, బయటినుండి వచ్చినవారు ముప్పది దినాలు ఊరి వెలుపల ఉండవలెనని శాసించింది. తరువాత ఆ గడువు నలుబది దినాలయింది. వెనిసు భాషలో నలుబదిని తెలిపే మాటనుండే క్వారంటైను వచ్చింది. మన దేశంలో మొక్కలకు సంబంధించిన తొలి కేంద్ర చట్టం 1914 నాటి హానికర కీటకముల, తెగుళ్ళ చట్టం. 2003లో వచ్చిన ఉత్తరువు దిగుమతి నియమాలను విస్తరింపజేసింది. ఈ విద్యలో అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ మన హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లోనే ఉన్నది, 1966లో మొదలైనది.

ఇక నీటి మొక్కల సంగతి. ఉత్తర అమెరికాకు చెందిన ఎలోడియా అనే నాచు 1842లో స్కాట్లండులోని ఒక కోట చెరువులో కనిపించింది. 1848లో కేంబ్రిడ్జి వృక్షోద్యానం వైపునుండి ఒక ముక్క అక్కడి వాగులో పడింది. నాలుగేళ్ళు తిరగకముందే కామ్ నదిలో పడవలు నడవడం కష్టమయింది. అక్కడి వృక్షశాస్త్రజ్ఞుడు బాబింగ్టన్ పేరుమీద జనం దానిని బాబింగ్టన్ శాపం అన్నారు.

సరిగా ఇటువంటి కథే మన హైడ్రిల్లాది, అయితే దిక్కు మారింది. 1950 దశకం మొదట్లో ఫ్లోరిడాలోని టాంపా నగరపు ఆక్వేరియం వర్తకుడొకడు సింహళంనుండి ఈ మొక్కను తెప్పించాడు. నచ్చని సరుకు కాలువలో పడింది. అక్కడ అది పచ్చగా పెరిగింది. కొన్నేళ్ళకు మయామీ ప్రాంతానికి కూడా చేరింది. 1960లో బహిరంగ జలాలలో దానిని గుర్తించినప్పుడు, మొదట ఎలోడియాయే అని పొరపడ్డారు. అప్పటికి ఆలస్యమయింది. ఒక్క కణుపు ఉన్న ముక్క చాలు, కొత్త మొక్క లేస్తుంది. అడుగు బురదలో చిన్న దుంపలు పెడుతుంది. పైన కోసివేసినా అవి ఏళ్ళతరబడి బ్రతికి మొలుస్తాయి. అనుకూలమైన నీటిలో రోజుకు ఒక అంగుళం పెరుగుతుంది. 1997లో ప్రచురితమైన ఒక జన్యు పరిశీలనలో, అమెరికా దక్షిణ రాష్ట్రాలలోని హైడ్రిల్లాకు అతి దగ్గరి పోలిక బెంగుళూరునుండి తీసిన నమూనాలో కనిపించింది. ఖానాపూర్ విద్యార్థి బుడగలు లెక్కపెట్టే ఈ మొక్కను తొలగించడానికి అక్కడి ప్రభుత్వాలు ఏటేటా విశేషంగా ధనం వెచ్చిస్తున్నాయి. ఇక్కడ దానికి చేపలున్నవి, పురుగులున్నవి, ఎండాకాలం చెరువులు ఎండుతాయి. అక్కడ అట్టి అదుపు లేదు.

కథ అంతటితో ఆగలేదు. 1994లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఒక జలాశయం దగ్గర తెల్లతల గ్రద్దలు తూలి పడి చనిపోవడం మొదలయింది. కోసి చూస్తే మెదడులో పుండ్లు. కారణం వెదకడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది. హైడ్రిల్లా ఆకుల అడుగున పెరిగే ఒక నీలిహరిత సూక్ష్మజీవి విషాన్ని తయారుచేస్తుంది. నాచు తిన్న నీటికోళ్ళను గ్రద్దలు తింటాయి. విషం వాటికి చేరుతుంది. ఆ విషం నిర్మాణం 2021లోగాని తెలియలేదు. అందులో బ్రోమిన్ పరమాణువులు ఉండటం రసాయనశాస్త్ర విద్యార్థులు గమనించదగిన విశేషం.

మన జలాలనుండి అట్లు బయలుదేరినది నాచు ఒక్కటే కాదు. చెరువు అడుగున సన్నని మరమేకు ఆకారంలో కనిపించే మెలనాయిడిస్ నత్త కూడా ఆక్వేరియం వర్తకం వెంట అమెరికా చేరింది. అది గ్రుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. మగనత్త లేకున్నా సంతానం కలుగుతుంది. ఒక్కటి చేరితే చాలునన్నమాట. టెక్సాసులోని కోమల్ నదిలో ఈ నత్తద్వారా వ్యాపించిన ఒక పరాన్నజీవి, అక్కడి అరుదైన చిన్నచేపల మొప్పలను పాడుచేస్తున్నదని 1990 దశకంలో గుర్తించారు.

మనకు వచ్చిన అతిథిని గురించి వేరే చెప్పనక్కరలేదు. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా మొక్క. ఊదారంగు పూలకోసం తోటల కొలనులలో పెంచడానికి తెచ్చారు; 1890 దశకం నాటికి బెంగాలులో ప్రవేశించింది. 1936లో బెంగాలు ప్రభుత్వం దానిమీద ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసివచ్చింది. గోదావరి డెల్టా కాలువలు, కొల్లేరు, హైదరాబాదు చెరువులు దాని బాధ ఎరిగినవే. మాన్సోనియా జాతి దోమపిల్లలు దాని వేళ్ళలోనికి గొట్టం గ్రుచ్చి లోపలి గాలిని పీలుస్తాయి. నీటిపైకి రావు కనుక నూనె చల్లినా చావవు. ఈ మొక్కను తినే ముక్కుపురుగులను బెంగుళూరులోని ఉద్యానపంటల పరిశోధన సంస్థ 1982లో తెప్పించింది. వాటిని వెంటనే వదలలేదు. అవి మన పంటలను ముట్టవని నిర్బంధంలో ఉంచి పరీక్షించి, 1983–84లో విడిచారు. కలుపును వచ్చినప్పుడు ఎవరూ ఆపి చూడలేదు. దాని శత్రువును మాత్రం ఆపి చూడవలసివచ్చింది!

చదువరులు గొర్రెల, పశువుల పెంపకమున్న ఇండ్లవారైతే ఒక విషయం ప్రత్యేకంగా గమనించవలెను. పశువుల కాలేయంలో చేరే జలగరోగం పేరు మన పల్లెలలో అందరికీ తెలుసు. 1879–80లో ఇంగ్లండులో ఈ రోగంతో సుమారు ముప్పది లక్షల గొర్రెలు చచ్చాయి. ఆ నష్టంతో మొదలైన పరిశోధనలో ఆక్స్‌ఫర్డులో థామస్, జర్మనీలో లాయ్‌కార్ట్ వేరువేరుగా దాని జీవితచక్రాన్ని 1883 నాటికి కనుగొన్నారు. పేడతో వచ్చిన గ్రుడ్డు నీటిలో పొదుగుతుంది. పిల్ల లిమ్నియా జాతి నత్తలో దూరి అక్కడ వందలుగా వృద్ధి చెందుతుంది. తరువాత తోకగల సెర్కేరియాలుగా బయటికి ఈది, నీటి అంచున ఉన్న మొక్కలకు అంటుకొని, గట్టి తిత్తి కట్టుకొంటుంది. ఆ ఆకును మేసిన పశువుకు రోగం వస్తుంది. చెరువునుండి తెచ్చిన నాచుమీద ఇట్టి తిత్తులు ఉండవచ్చు. తడిలో అవి చాలాకాలం బ్రతుకుతాయి, ఎండలో చస్తాయి. కనుక తొట్టినుండి తీసిన నాచును మేకకు వేయరాదు; విద్యార్థులు పని అయిన తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

చేపల రోగాల విషయానికి వస్తే, తెల్లమచ్చల వ్యాధిని కలిగించే ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణజీవిని 1876లో ఫ్రాన్సులో ఫూకె వర్ణించాడు. చేప చర్మంలో పెరిగిన జీవి రాలిపడి, మొక్కకో రాతికో అంటుకొని, లోపల వందలాది పిల్లలుగా విభజన చెందుతుంది. మన ఉష్ణోగ్రతలలో ఇందుకు ఒకటి రెండు దినాలు చాలు. ఈదే పిల్లలకు సుమారు రెండు దినాలలో చేప దొరకవలె, లేకపోతే చస్తాయి. చేపలు లేని పాత్రలో మొక్కను కొన్ని వారాలు ఉంచితే ఏ మందూ లేకుండానే ఈ రోగం తెగిపోవడానికి కారణం ఇదే. ట్రెంబ్లే జాడీకీ, రగూసా ఓడకూ ఉన్న సంబంధం ఇక్కడ తెలుస్తుంది.

అమ్మకపు మొక్కలు శుభ్రంగానే ఉంటాయని అనుకొనేవారికి 2021 సంవత్సరం గుర్తుచేయవలెను. ఆక్వేరియంలో అందంకోసం వేసే గుండ్రని నాచుబంతులలో సజీవమైన జీబ్రా ఆలుచిప్పలు అమెరికా దుకాణాలలో బయటపడ్డాయి. ఆ బంతులు యుక్రెయిన్‌నుండి వచ్చినవి. నీటి గొట్టాలలో పేరుకొని వాటిని మూసివేసే ఈ చిప్పలకు అక్కడ ఎంతో భయపడతారు. కొన్నవారందరూ బంతులను మరిగించి లేదా గడ్డకట్టించి పారవేయవలెనని ప్రభుత్వం ప్రకటించవలసివచ్చింది.

పాఠశాలలో చేయదగిన పద్ధతి తేలికైనదే. మొక్కను తెల్లని పళ్ళెంలో పోసిన నీటిలో పరచి, ముసలి ఆకులు త్రుంచివేయవలెను. ఆకు అడుగున జిగురుచుక్కవలె తేటగా కనిపించేవి నత్తగ్రుడ్లు. గోటితో గీకితే ఊడుతాయి. నాలుగైదు నీళ్ళు మార్చేసరికి జలగలు, తూనీగ పిల్లలు చాలావరకు పళ్ళెంలోనే మిగులుతాయి. సైక్లాప్స్ చుక్కలు కూడా ఉంటాయి. ఒకప్పుడు మన దిగుడుబావులలో నారిపురుగును మోసినవి ఇవే. గుడ్డతో నీరు వడగట్టుకొని, బావులను బాగుచేసుకొని ఆ రోగాన్ని తరిమాము. 1996 తరువాత దేశంలో అది లేదు. చేపపిల్లలకు సైక్లాప్స్ మంచి ఆహారం కనుక వాటికి భయపడనక్కరలేదు.

తరువాత పొటాసియం పర్మాంగనేటు. కలరా రోజులలో ఊరి బావులలో వేసిన ఎర్రమందే ఇది. 1890 దశకంలో ఆగ్రాలో పనిచేసిన హాన్కిన్ దీనిని బావులకు వాడవలెనని గట్టిగా ప్రచారం చేశాడు. ఒక గ్రామును ఒక లీటరు నీటిలో కరిగించి ఉంచుకొని, దానినుండి పది మిల్లీలీటర్లు తీసి లీటరు నీటికి కలిపితే లీటరుకు పది మిల్లీగ్రాముల ద్రావణం అవుతుంది. అందులో మొక్కను పది నిమిషాలు ఉంచి బాగా కడగవలెను. గులాబిరంగు గోధుమరంగుకు తిరిగితే మందు శక్తి అయిపోయినట్లు. జిగురులో ఉన్న నత్తగ్రుడ్లు దీనికి తరచుగా చావవు. ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి ఇరవై పాళ్ళ నీరు కలిపి రెండు నిమిషాలు ముంచే పద్ధతి దీనికంటె తీవ్రమైనది, కాని హైడ్రిల్లా, వాలిస్నేరియావంటి మెత్తని మొక్కలు దానితో పాడవుతాయి. నేను దానిని వాడను. ఏ మందైనా ఉపాధ్యాయుడే కలపవలెను; రెండు మందులను ఎన్నడూ కలపరాదు.

పిమ్మట చేపలు లేని పెద్ద గాజుజాడీలో, వెలుతురులో, నాలుగు వారాలు. మందుకు చావని గ్రుడ్లు ఈలోగా పొదిగి నత్తపిల్లలు అద్దంమీదికి వస్తాయి. అప్పుడు ఏరివేయడం సులభం. వారానికొకసారి నీరు మార్చి, తీసిన నీటిని పొడినేలమీద పోయవలెను. కాలువలో పోయరాదు. నాచు కాలువదే కావచ్చు. కాని అంగడిలో కొన్న చేపల రోగాలు, ఎక్కడినుండో వచ్చిన నత్తలు మన తొట్టి నీటితోపాటు సదర్‌మాట్ కాలువలోకి, అక్కడనుండి పొలాలలోకి, చెరువులలోకి పోవడానికి ఒక్క బకెట్టు చాలును. ఆ చెరువులలో చేపలు పట్టి బ్రతికే కుటుంబాలు ఉన్నవి.

గత వర్షాకాలంలో అట్లు పెట్టిన జాడీలో, మూడవ వారాన, కిటికీ వైపు అద్దానికి అంటుకొని దారపు పోగువంటిది ఒకటి కనిపించింది. విద్యార్థులు వేలితో జాడీని తట్టారు, అది ముడుచుకొన్నది. చుక్కలగొట్టంతో తీసి గ్లాసులో వేసి, బ్లేడుతో రెండుగా కోసి, రెండు గాజుపళ్ళెములలో విడివిడిగా ఉంచారు. నాలుగవనాడు ఉదయం తరగతి మొదలు కాకముందే ఇద్దరు వచ్చి, రెండవ పళ్ళెంలో దానికి స్పర్శకాలు మొలిచాయనీ, ఐదు ఉన్నాయనీ చెప్పారు.